సెనెగల్‌లో క్రైస్తవులు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వాట్సాప్‌లో "ముస్లిం దేశంలో క్రైస్తవుల గతి చూడండి" అంటూ ఏ దేశమో, ఏ సంవత్సరమో కూడా రాయని ఫొటోలు తిరుగుతూనే ఉంటాయి. ఆఫ్రికా అనగానే 50కి పైగా దేశాల్ని ఒకే గాటన కట్టేయడం మనకు అలవాటైపోయింది. నైజీరియా కథ వేరు, బుర్కినా ఫాసో కథ వేరు, సెనెగల్ కథ పూర్తిగా వేరు. అక్కడి క్రైస్తవుల గురించి మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలన్నిటికీ ఒకచోట జవాబు రాస్తే బాగుంటుందనిపించింది. నిలదొక్కుకున్న చిన్న సమాజం అది, దాని గురించి మనకు తెలిసింది చాలా తక్కువ.

అసలు సెనెగల్‌లో క్రైస్తవులు ఎంతమంది?

2023 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభా దాదాపు 1.8 కోట్లు. అందులో నూటికి 95కి పైగా ముస్లింలు. క్రైస్తవులు ఒక్కో లెక్కలో ఒక్కోలా, సుమారుగా 3 నుంచి 4 శాతం ఉంటారు, అంటే ఐదారు లక్షల పైమాటే. వాళ్లలో ఎక్కువమంది కేథలిక్కులు. రాజధాని డకార్ అగ్రపీఠం కాకుండా తియెస్, కవోలాక్, జిగించోర్, సెయింట్ లూయిస్, తంబాకుండా, కోల్డా అని మరో ఆరు పీఠాలు, అంటే డయోసిస్‌లు, ఉన్నాయి. మూడు నాలుగు శాతం అంటే కనిపించరేమో అనుకుంటారు గానీ డకార్‌లోనూ, దక్షిణాన కాసామాన్స్‌లోనూ, సముద్రం ఒడ్డున ఎంబూర్, జొవాల్ వైపూ బాగానే కనిపిస్తారు. ఉత్తరాన, తూర్పున మాత్రం చాలా పలచగా ఉంటారు.

వాళ్లు ఏ తెగలవాళ్లు?

ఎక్కువగా సెరేర్‌లు, కాసామాన్స్‌లోని జోలా వాళ్లు. వీళ్లతో పాటు మంజాక్, బలాంత, బసారి లాంటి చిన్న తెగలు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సెరేర్‌లంటే క్రైస్తవులని చాలామంది రాసేస్తుంటారు, అది తప్పు. సెరేర్‌లలో కూడా ఇప్పుడు ఎక్కువమంది ముస్లింలే. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో రెండు మతాలవాళ్లూ ఉంటారు. ఫాయ్, జూఫ్, సార్, ఎన్‌జాయ్ లాంటి ఇంటిపేరు విని మతం చెప్పలేం. ముందున్న పేరు పియెర్ అయితే క్రైస్తవుడు, ఇబ్రహీమా అయితే ముస్లిం అని ఊహించాల్సిందే. మెండీ, గోమిస్ లాంటి పేర్లయితే మాత్రం క్రైస్తవులై ఉండే అవకాశం ఎక్కువ.

క్రైస్తవం అక్కడికి ఎప్పుడు వచ్చింది? ఫ్రెంచివాళ్లు బలవంతంగా మార్చారా?

15వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు ఆ తీరానికి వచ్చినప్పటి నుంచీ అక్కడక్కడా క్రైస్తవులు ఉన్నారు. కానీ అది రేవు పట్నాలకీ, వర్తకుల కుటుంబాలకీ పరిమితం. నిలబడిన పని 19వ శతాబ్దంలో మొదలైంది. 1819లో క్లూనీ సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు సెయింట్ లూయిస్‌లో అడుగుపెట్టారు. ఆ సభను స్థాపించిన ఆన్ మరీ జవూయే స్థానిక అబ్బాయిల్ని ఫ్రాన్స్ పంపి చదివించింది. వాళ్లలోంచే 1840లో దావీద్ బ్వాలా లాంటి తొలి సెనెగల్ గురువులు అభిషేకం పొందారు. 1858లో పీఠాధిపతి అలోయిస్ కోబెస్ కాలంలో స్థానిక అమ్మాయిల కోసమే ఒక మఠకన్యల సభ పుట్టింది, అది ఇప్పటికీ నడుస్తోంది.

బలవంతం సంగతి. వలస ప్రభుత్వం అండ మిషన్లకు ఉన్న మాట నిజం. కానీ అదే వలస పాలన కాలంలో సెనెగల్‌లో అన్నిటికంటే వేగంగా పెరిగింది ఇస్లామే, అది కూడా సూఫీ గురువుల చుట్టూ. వేరుశనగ సాగు ఎక్కువగా వాళ్ల శిష్యుల చేతుల్లో ఉండేది కాబట్టి ఫ్రెంచివాళ్లు వాళ్లతో సర్దుకుపోయారు. అందుకే తెల్లవాళ్లొచ్చి అందరినీ మార్చేశారనే మాట ఈ దేశానికి అతకదు.

95 శాతం ముస్లింలున్న దేశానికి క్రైస్తవుడు ప్రెసిడెంట్ అయ్యాడంటారు, నిజమా?

నిజం. మొట్టమొదటి ప్రెసిడెంటే క్రైస్తవుడు. లియోపోల్డ్ సెదార్ సెంగోర్, 1906లో జొవాల్‌లో పుట్టిన సెరేర్ కేథలిక్. చిన్నప్పుడు ఫాదర్ అవుదామనుకుని సెమినరీలో చేరాడు, నీకు ఇది సరిపడదని వాళ్లు పంపించేశారు. తర్వాత కవి అయ్యాడు, పారిస్‌లో చదివాడు, స్వాతంత్ర్యం వచ్చిన 1960 నుంచి 1980 దాకా దేశాన్ని ఏలాడు.

ఎలా సాధ్యమైందంటే, మురీద్ సూఫీ మార్గానికి అప్పటి ఖలీఫా అయిన ఫాలిలూ ఎంబాకే ఆయనకు గట్టి అండ. 1963లో మురీద్‌ల పవిత్ర నగరం తూబాలో పెద్ద మసీదు ప్రారంభమైనప్పుడు ఆ వేడుకకు వచ్చిన దేశాధినేత ఈ కేథలిక్కే. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, అంతకుముందు 1962లో ప్రధాని మమదు జా, సెంగోర్ మధ్య అధికారం కోసం పెనుగులాట వచ్చింది. జా భక్తిపరుడైన ముస్లిం. అయినా పెద్ద పెద్ద మరబూలు, అంటే సూఫీ గురువులు, సెంగోర్ పక్షానే నిలబడ్డారు. దీన్ని మతసామరస్యం అని మాత్రమే చెప్పి వదిలేస్తే అబద్ధమవుతుంది. జా తలపెట్టిన గ్రామీణ సంస్కరణలు వేరుశనగ వ్యాపారం మీద మరబూల పట్టుకు దెబ్బ, అది వాళ్లకు బాగా తెలుసు. రాజకీయం రాజకీయమే. కానీ ఓటు దగ్గర మతం ఒక్కటే చూసే దేశమైతే ఆ లెక్క అసలు కుదిరేదే కాదు.

1980 డిసెంబరు 31న సెంగోర్ తనంతట తానే దిగిపోయి అబ్దు జూఫ్‌కి అప్పగించాడు. జూఫ్ ముస్లిం, ఆయన భార్య ఎలిజబెత్ కేథలిక్. తర్వాత వచ్చిన అబ్దులాయ్ వాద్ భార్య వివియాన్ కూడా కేథలిక్కే. ఇలాంటివి అక్కడ పెద్ద వార్తలు కావు.

చట్టం ఏం చెబుతుంది?

సెక్యులర్ రిపబ్లిక్ అని రాజ్యాంగం మొదటి ఆర్టికల్‌లోనే ఉంది. మతం మార్చుకోవడం నేరం కాదు. క్రిస్మస్, ఈస్టర్ సోమవారం, ఆరోహణ, పెంతెకోస్తు సోమవారం, ఆగస్టు 15 మరియమాత పండుగ, నవంబరు 1 సకల పునీతుల పండుగ, అన్నిటికీ దేశమంతా సెలవు. మూడు నాలుగు శాతం మందికి ఇన్ని సెలవులు! కొన్ని ఫ్రెంచి కాలం నుంచి వచ్చినవే, కానీ ఎవరూ తీసేయలేదు. మక్కా వెళ్లేవాళ్లకు చేసినట్టే రోమ్, యెరూషలేం యాత్రకు వెళ్లే కేథలిక్కులకు కూడా ప్రభుత్వం సాయం చేస్తుంది.

ఒకే ఇంట్లో రెండు మతాలు ఉంటాయా?

ఉంటాయి. నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన జవాబు ఇదే. సెనెగల్‌లో శాంతి ఎందుకుందని అడిగితే చాలామంది సూఫీ ఇస్లాం మెతకదనం అనో, రాజ్యాంగం అనో చెబుతారు. అవీ ఉన్నాయి. కానీ అసలు బలం చుట్టరికంలో ఉంది. అన్న ముస్లిం, తమ్ముడు కేథలిక్. మేనమామ ఇమాం, మేనకోడలు సిస్టర్. పక్క మతం మీద చెయ్యెత్తాలంటే ముందు సొంత పిన్ని మీద ఎత్తాలి.

దీనికి తోడు వేళాకోళం చుట్టరికం అని ఒకటుంది. సెరేర్‌కీ జోలాకీ మధ్య, సెరేర్‌కీ తుకులోర్‌కీ మధ్య పరిహాసం ఆడుకునే హక్కు తరతరాలుగా ఉంది. ముక్కూ మొహం తెలియనివాడు కూడా ఇంటిపేరు వినగానే "నువ్వు తిండిపోతువి, నా బానిసవి" అని మొదలుపెడతాడు, అవతలివాడు రెట్టింపు తిడతాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. కోపం తెచ్చుకోవడం మర్యాద కాదు. బస్టాండులో గొడవ ముదరబోయేటప్పుడు ఇది ఎంత పనికొస్తుందో చెప్పక్కర్లేదు. సెరేర్‌లలో, జోలాలలో రెండు మతాలవాళ్లూ ఉన్నారు, తుకులోర్‌లు ముస్లింలు, కాబట్టి ఈ తాడు మతాల అడ్డుగోడ మీదుగా పోతుంది.

మరి మతాంతర పెళ్లిళ్లు?

జరుగుతాయి, కానీ అంత తేలిక కాదు. ముస్లిం అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి అయితే పెద్దలు సాధారణంగా ఒప్పుకుంటారు. ముస్లిం అమ్మాయి, క్రైస్తవ అబ్బాయి అయితే మాత్రం ఇంట్లో గట్టి ప్రతిఘటన ఉంటుంది, అబ్బాయి మతం మారాలని ఒత్తిడి వస్తుంది. పిల్లలు మామూలుగా తండ్రి మతంలోకే పోతారు. అంటే లెక్క ఎటు మొగ్గుతుందో మీకే అర్థమవుతుంది, చిన్న సమాజానికి ఇది నెమ్మదిగా కరిగిపోయే భయం. 1972 కుటుంబ చట్టం ప్రకారం రిజిస్టర్ పెళ్లి ఎవరైనా చేసుకోవచ్చు. అదే చట్టం కింద పెళ్లికొడుకు ఒక్క భార్యా, ఎక్కువమందా అన్నది ముందే ఎంచుకోవాలి. చర్చిలో పెళ్లి కావాలంటే మాత్రం ఒక్క భార్యే.

గుడ్ ఫ్రైడే రోజు ముస్లిం ఇళ్లకు పంచే ఆ తీపి వంటకం ఏమిటి?

ఎన్గలాఖ్. దీని గురించి ఎంత రాసినా తక్కువే. సజ్జపిండిని తడిపి చేత్తో పొడిపొడిగా గుండ్రంగా రవ్వలా చేసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇంకోవైపు బావోబాబ్ కాయల్లోని తెల్లటి పుల్లటి గుజ్జుని నీళ్లలో నానబెట్టి, గింజలు విడిపోయేదాకా చేత్తో పిసికి, జల్లెడలో వడకడతారు. ఆ చిక్కటి పులుపులో వేరుశనగ ముద్ద కలిపి, ఉండలు లేకుండా జారుగా చేసి, పంచదార, జాజికాయ పొడి, కొందరైతే ఎండుద్రాక్ష, నారింజ పూల నీళ్లు కూడా వేస్తారు. చివర్లో చల్లారిన సజ్జ రవ్వ ఇందులో పడుతుంది. కాసేపు నానితే చిక్కబడుతుంది. చల్లగా తాగినట్టు తినాలి. పులుపు, తీపి, వేరుశనగ కమ్మదనం మూడూ ఒకేసారి తగులుతాయి.

ఈస్టర్‌కి ముందు ఉపవాసాలుండే తపస్కాలం చివర్లో మాంసం లేని రోజు కాబట్టి కడుపు నిండే వంటకంగా ఇది మొదలైంది. ఇప్పుడు మాత్రం చేసేది సగం ఇంటికి, సగం వీధికి. పవిత్ర గురువారం నుంచే ఆడవాళ్లంతా ఒకచోట చేరి పెద్ద పెద్ద గిన్నెల్లో, బకెట్లలో కలుపుతారు, శుక్రవారం పిల్లలు మూతపెట్టిన గిన్నెలు పట్టుకుని ముస్లిం పొరుగిళ్లకు తిరుగుతారు. ఈ ఏడాది మా ఇంటికి రాలేదేంటని ముస్లింలు నిష్ఠూరాలాడటం మామూలు. తబాస్కి, అంటే మన బక్రీద్, వచ్చినప్పుడు పొట్టేలు మాంసం అటు నుంచి ఇటు వస్తుంది. వేరుశనగ, పంచదార ధరలు పెరిగిన ఏడు ఈ పంపకం చాలా ఇళ్లకు భారమే, అయినా మానరు.

ఇద్దరి ఉపవాసాలూ ఒకేసారి వస్తే?

2025లో అలాగే వచ్చింది. రంజాన్ మార్చి మొదట్లో మొదలైంది, తపస్కాలం మొదలయ్యే బూడిద బుధవారం మార్చి 5న. 2026లోనూ ఫిబ్రవరి 18 ప్రాంతంలో రెండూ దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. ఒకే లోగిలిలో ఇద్దరూ ఆకలితోనే ఉంటారు, సాయంత్రం ఒకే దగ్గర కూర్చుంటారు.

శ్మశానం కూడా ఒకటేనట, నిజమేనా?

అన్నిచోట్లా కాదు. డకార్‌లో క్రైస్తవులకు బెల్ ఎయిర్, సెయింట్ లజార్ అని వేరే ఉన్నాయి, సెంగోర్‌ని పాతిపెట్టింది బెల్ ఎయిర్‌లోనే. మీరు విన్నది ఫాదియూత్ గురించి అయ్యుంటుంది. జొవాల్ పక్కనే ఉన్న దీవి అది. నేలంతా గవ్వలే, అక్కడివాళ్లు తరాలుగా సముద్రపు గుల్లల మాంసం తిని వదిలేసిన పెంకులతో పేరుకున్న నేల. చెక్క వంతెన మీద నడిచి వెళ్లాలి, లోపల మోటారు బండ్లు తిరగవు. పదిమందిలో తొమ్మిదిమంది క్రైస్తవులు. అంటే దేశమంతా ఒక రకమైతే ఇక్కడ తిరగబడింది, ముస్లింలే మైనారిటీ. ఊళ్లో చర్చీ ఉంది, మసీదూ ఉంది, వీధుల్లో పందులూ తిరుగుతుంటాయి. ఇంకో వంతెన దాటితే శ్మశానం, అదీ గవ్వల దిబ్బే. తెల్లటి సిలువలు వరుసగా, వాటితో పాటే ముస్లిం సమాధులు. సాయం చేసుకునేది బతికున్నన్నాళ్లే కాదు, చావు ఇంట్లో కూడా రెండు మతాలవాళ్లూ గొయ్యి తవ్వడం దగ్గర్నుంచి వంట దాకా చేతులు కలుపుతారు.

పోపెంగీన్ యాత్ర అంటే ఏమిటి?

దేశంలోకెల్లా పెద్ద కేథలిక్ పండుగ. 1888లో మొదలైంది. డకార్‌కి దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న పోపెంగీన్ అనే ఊళ్లో మరియమాత గుడి దగ్గరకు పెంతెకోస్తు సోమవారం నాడు వేల వేల మంది చేరతారు. కుర్రాళ్లు డకార్ నుంచి నడిచే వస్తారు, బొబ్బలెక్కిన కాళ్లతో పాటలు పాడుకుంటూ. ఆ ఊళ్లో ముస్లింలు కూడా ఉన్నారు, యాత్రికులకు ఇల్లు, నీళ్లు, చాప ఇచ్చేవాళ్లలో వాళ్లూ ఉంటారు. ముస్లిం మంత్రులు, అధికారులు వచ్చి కూర్చోవడం ఆనవాయితీ. సెనెగల్ తొలి కార్డినల్ యసాంత్ తియాందూమ్ పుట్టింది ఈ ఊళ్లోనే. 1962లో డకార్ అగ్రపీఠాధిపతి అయిన తొలి సెనెగలీయుడు కూడా ఆయనే. 1992 ఫిబ్రవరిలో పోప్ రెండో జాన్ పాల్ ఇక్కడికి వచ్చాడు, అదే పర్యటనలో గోరే దీవికి వెళ్లి బానిస వ్యాపారంలో క్రైస్తవుల పాత్రకు క్షమాపణ అడిగాడు.

అంతా తీపేనా, గొడవలే లేవా?

ఉన్నాయి. లేవని రాసేవాళ్లను నమ్మొద్దు.

2009 డిసెంబరు చివర్లో ప్రెసిడెంట్ వాద్ డకార్‌లో కట్టిస్తున్న భారీ విగ్రహం మీద ఇమాంలు విమర్శలు చేశారు, విగ్రహాలు ఇస్లాంకి విరుద్ధమని. దానికి జవాబు చెప్పబోయి ఆయన క్రైస్తవుల్ని మధ్యలోకి లాగాడు, చర్చిల్లో దేవుడు కాని యేసుకి ప్రార్థన చేస్తున్నారు కదా, వాళ్లనెవరూ ఏమీ అనడం లేదు కదా అనే అర్థంలో. కార్డినల్ తెయోదోర్ అద్రియెన్ సార్ బహిరంగంగా బాధ చెప్పాడు, కేథెడ్రల్ దగ్గర క్రైస్తవ కుర్రాళ్లకూ పోలీసులకూ ఘర్షణ జరిగింది, చివరికి వాద్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అంత మామూలుగా ఆ మాట రాగలిగిందంటే లోపల ఏం పేరుకుందోనని చాలామందికి అప్పుడు టెన్షన్ పట్టుకుంది.

2019లో ఇంకోటి. డకార్‌లోని సెయింట్ జోన్ ఆఫ్ ఆర్క్ కేథలిక్ స్కూల్లో ముసుగు (హిజాబ్) వేసుకురాకూడదని రూల్ పెట్టారు. 1819లో వచ్చిన ఆ క్లూనీ సిస్టర్ల సభే నడిపే స్కూలు. సెప్టెంబరులో స్కూలు తెరిచినప్పుడు కొంతమంది అమ్మాయిల్ని లోపలికి రానివ్వలేదు. దేశమంతా చర్చ, టీవీల్లో అరుపులు, చివరికి ప్రభుత్వం మధ్యలో కూర్చుని, సరైన సైజు స్కార్ఫ్‌తో వస్తే ఫర్వాలేదని రాజీ కుదిర్చింది. 2024 జూలైలో ప్రధాని ఉస్మాన్ సోంకో ముసుగుని అడ్డుకునే స్కూళ్లను ఇక సహించమని అనడంతో మళ్లీ రాజుకుంది.

దీని మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కేథలిక్ స్కూళ్లలో చాలాచోట్ల పిల్లల్లో ఎక్కువమంది ముస్లింలే, వాళ్లను నమ్మి పంపిన తల్లిదండ్రులే ఆ స్కూళ్లను నిలబెట్టారు. అలాంటప్పుడు తలగుడ్డ మీద గీత గీయడం తెలివైన పని కాదు. అదే సమయంలో, మైనారిటీ సంస్థ తన పద్ధతులు నడుపుకునే హక్కు గురించి ప్రధాని స్థాయి మనిషి వేదిక మీద హెచ్చరికలా మాట్లాడటం కూడా తప్పే, తెరవెనుక మాట్లాడుకుని సర్దుకునే అలవాటున్న దేశంలో అది మరీ తప్పు.

టెర్రరిస్టుల భయం ఉందా?

పొరుగున మాలి ఉంది కాబట్టి ఉంది. 2024 ఫిబ్రవరిలో బుర్కినా ఫాసోలోని ఎసకానేలో ఆదివారం పూజలో ఉన్న కేథలిక్కుల్ని కాల్చి చంపారు, కనీసం 15 మంది పోయారు. 2025 జూలై 1న మాలిలో సరిగ్గా సెనెగల్ సరిహద్దు దగ్గరున్న దిబోలీ మీద దాడి జరిగింది. సెనెగల్ లోపల చర్చిల మీద అలాంటి మారణకాండ జరగలేదు. కాసామాన్స్‌లో 1982 నుంచి సాగిన వేర్పాటు పోరాటాన్ని కొందరు మతయుద్ధంగా రాస్తారు, దాని నాయకుడు ఒగుస్తాన్ జమాకూన్ సెంగోర్ కేథలిక్ ఫాదర్ కావడం వల్ల. కానీ ఆ గొడవ భూమి, ప్రాంతం, నిర్లక్ష్యం గురించి, రెండు పక్షాల్లోనూ రెండు మతాలవాళ్లూ ఉన్నారు.

ప్రొటెస్టెంట్లు, పెంతెకోస్తు సంఘాలు?

తక్కువ. 1860ల్లో పారిస్ మిషన్ వచ్చింది, సెరేర్‌ల మధ్య ఫిన్లాండ్ లూథరన్‌ల పనితో ఏర్పడిన సంఘం ఉంది, నగరాల్లో కొత్త పెంతెకోస్తు సంఘాలున్నాయి. మన దగ్గరిలా వీధికొకటి ఉంటాయని అనుకోవద్దు.

ఆరాధన ఎలా ఉంటుంది, అంతా ఫ్రెంచిలోనేనా?

ఫ్రెంచి, ఊలోఫ్, సెరేర్, జోలా కలగలిపి. పాట మొదలైతే డప్పులు కచ్చితంగా ఉంటాయి. డకార్‌కి 50 కిలోమీటర్ల దూరంలోని కెర్ మూసా మఠం గురించి చెప్పాలి. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లోని సొలెమ్ నుంచి వచ్చిన బెనెడిక్టైన్ సన్యాసులు మొదలుపెట్టారు. కొత్తలో గ్రెగోరియన్ కీర్తనలే పాడేవాళ్లు, తర్వాత కోరా పట్టుకున్నారు. సొరబుర్ర మీద తోలు బిగించి 21 తీగలు కట్టిన వాద్యం అది, తరతరాలుగా మందింకా గాయకుల ఇళ్లలో, ఎక్కువగా ముస్లింల చేతుల్లో ఉన్నది. సన్యాసులు దాన్ని నేర్చుకుని, తోలు ఉంగరాల బదులు మరలు పెట్టి శ్రుతి చేసుకోవడం తేలిక చేసి, మఠంలోనే తయారుచేసి అమ్ముతున్నారు. ఆదివారం పూజకు డకార్ నుంచి జనం కార్లు వేసుకుని పోతారు, తిరిగొచ్చేటప్పుడు అక్కడి మేకపాల చీజ్ కొనుక్కుంటారు.

ఉద్యోగం మీద డకార్ వెళుతున్నాను, క్రైస్తవుణ్ణి. ఏమైనా జాగ్రత్తలు?

భయపడాల్సిందేమీ లేదు. ఇంగ్లీషులో ఆరాధన జరిగే సంఘాలు డకార్‌లో కొన్ని ఉన్నాయి, ఫ్రెంచి కొంచెం వస్తే కేథెడ్రల్‌కి వెళ్లండి, 1936లో ప్రతిష్ఠించిన పెద్ద కట్టడం, చూడదగ్గది. మీ మతం ఏమిటని ఎవరైనా అడిగితే దాచక్కర్లేదు, అక్కడ అది ఊరు పేరు అడిగినంత మామూలు ప్రశ్న. ఏ మతమూ లేదంటేనే వింతగా చూస్తారు. రంజాన్ పగలు వీధిలో తింటూ తాగుతూ తిరగకండి. తబాస్కికి పొరుగువాళ్లు పిలిస్తే తప్పకుండా వెళ్లండి, కుడిచేత్తో తినండి, ఎంత చాలన్నా ఇంకా పెడతారు. గుడ్ ఫ్రైడేకి ఎన్గలాఖ్ గిన్నె మీ గుమ్మానికి వస్తే ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపకండి.